అల్లికల సంతలో అమ్మ శాలువాకు ఊలు

అక్టోబరు వచ్చిందంటే లండన్‌లో అల్లికలు, కుట్లు చేసేవాళ్లంతా ఒకరినొకరు అడిగే మాట ఒకటే: "ఈసారి ఆలీ పాలీకి ఏ రోజు?" ఉత్తర లండన్‌లో గుట్ట మీదున్న అలెగ్జాండ్రా ప్యాలెస్‌కి ఇక్కడి జనం పెట్టుకున్న ముద్దుపేరు అది. ఏటా నాలుగు రోజులపాటు అక్కడ నిట్టింగ్ అండ్ స్టిచింగ్ షో జరుగుతుంది. ఊలు, నూలు, పట్టుదారాలు, బట్టలు, సూదులు, గుండీలు, పూసలు... చేతిపని తెలిసిన మనిషికి కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. నేను అంతకుముందు కూడా వెళ్లాను. ఊరికే చూసి, చేతికందింది కొనుక్కుని వచ్చేదాన్ని. ఈసారి మాత్రం ఒక్క పని మీద వెళ్లాను.

మా చెల్లి రీడింగ్ అనే ఊళ్లో ఉంటుంది. జనవరిలో దానికి పురుడు. అమ్మ డిసెంబరులోనే వచ్చేస్తోంది. మా నరసాపురంలో చలి అంటే ధనుర్మాసంలో తెల్లారగట్ల మంచు పడుతుంటే చెవులకు గుడ్డ కట్టుకోవడం, అంతే. అలాంటి చోటు నుంచి వచ్చే మనిషికి విమానం దిగగానే భుజాల మీద కప్పడానికి శాలువా ఒకటి నా చేత్తో అల్లి సిద్ధంగా ఉంచాలని అనుకున్నాను. అదీ అమ్మ అల్లే డిజైనులోనే.

ఆ డిజైను గురించి కొంచెం చెప్పాలి. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో మా చిన్నప్పుడు లేసు సూది లేని ఇల్లు అరుదు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన పని, మా ఆడవాళ్ల చేతుల్లో తరాలు మారినా ఆగలేదు. 2024లో నరసాపురం క్రోషే (కొక్కెం సూదితో అల్లే) లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మధ్యాహ్నం వంట, గిన్నెలు అయ్యాక అరుగు మీద నలుగురూ చేరి పొద్దు వాలేదాకా అల్లేవారు. ఏజెంటు దారం తూకమేసి ఇచ్చేవాడు, అల్లిన లేసు తూకమేసుకుని పట్టుకెళ్లేవాడు. అమ్మది చేతిపని. పువ్వులు, పైనాపిల్ ఆకారపు ముక్కలు విడివిడిగా అల్లి ఇచ్చేది. వాటిని కలిపి టేబుల్ గుడ్డగానో దుప్పటిగానో చేసే అతుకుపని వాళ్లు వేరే ఉండేవారు. అమ్మ పైనాపిళ్లు ఏ దేశంలో ఎవరి బల్ల మీదకు చేరాయో మాకెవరికీ తెలియదు. తన కోసమని అమ్మ ఒక చేతిరుమాలుకి అంచు కూడా అల్లుకోలేదు.

ఆ పైనాపిల్ ఇప్పుడు ఊలులో రావాలి. అమ్మ వాడింది గట్టిగా మెలిపెట్టిన సన్నటి తెల్ల నూలుదారం, దానికి తగ్గ సన్నటి స్టీలు సూది. నూలు సాగదు. ఎలా అల్లితే అలాగే నిలబడుతుంది. ఊలు సాగుతుంది, ముడుచుకుంటుంది, నూగు లేస్తుంది, తడిస్తే ఒకలా ఉంటుంది, ఆరితే ఇంకోలా ఉంటుంది. ఫోనులో ఫొటో చూసి కొంటే తెలిసేది రంగు ఒక్కటే, అదీ సగమే. మెలి ఎంత గట్టిది, మెడకు గుచ్చుకుంటుందా, సూది మొనకు పోగు విడిపోతుందా అన్నవి పట్టుకుని చూస్తేగానీ తెలియవు. అందుకే షో వచ్చేదాకా దారం కొనకుండా ఆగాను.

మేం నలుగురం వెళ్లాం. సుజాతక్కది నారాయణఖేడ్ దగ్గర పల్లె, ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. నైట్ డ్యూటీల మధ్య దొరికిన ఖాళీల్లో స్వెటర్లు అల్లుతుంది. కల్పనది విజయవాడ. తనకు అల్లిక రాదు, కుట్టు మిషను ముందు కూర్చుంటే మాత్రం లేవదు. నాలుగో మనిషి మార్గరెట్ గారు. మా వీధి చివరింట్లో ఉంటారు, ఎనభైకి దగ్గర పడ్డారు. మా పేటలో అల్లుకుంటూ కబుర్లు చెప్పుకునే నిట్ అండ్ నాటర్ బృందంలో పరిచయం. నాకు ఒక సూది పని అమ్మ నేర్పితే, రెండు సూదుల పని ఈవిడ నేర్పారు.

వారం ముందు మా వంటింట్లో టీ తాగుతూ నలుగురం చీటీలు రాసుకున్నాం. మార్గరెట్ గారి పద్ధతి అది. ఏం అల్లుతావు, ఎవరికి, ఎన్ని మీటర్లు కావాలి, సూది ఎంత లావు, ఉతికేది చేత్తోనా మిషన్లోనా, ఇవన్నీ కాగితం మీద ఉండాల్సిందే. అందులోనూ గ్రాములు కాదు, మీటర్లు రాయమంటారు. 100 గ్రాముల ఊలు అంటే డీకే అనే మధ్యరకం లావైతే 200 మీటర్ల పైచిలుకు వస్తుంది. మేజోళ్లు అల్లే ఫోర్ ప్లై అయితే 400 దాకా వస్తుంది. లేసు ఊలైతే 800 దాకా కూడా వస్తుంది. తూకం ఒకటే అయినా ఒకదానితో టోపీ అయితే ఇంకోదానితో శాలువా అవుతుంది. నా దగ్గరున్న అమ్మ పాత పైనాపిల్ ముక్కను చూసి, వరసలు లెక్కేసి, భుజాలు నిండా కప్పే శాలువాకు వెయ్యి మీటర్లు కావాలని తేల్చాం. ఆ ముక్కను ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి సంచిలో వేసుకున్నాను.

రంగు సంగతి అమ్మనే అడిగాను. "తెల్లది మాత్రం వద్దే తల్లీ. జన్మంతా తెల్లదారమే చూశాను. నేరేడుపండు రంగు దొరికితే తే" అంది.

శనాదివారాలు జనం ఎక్కువ ఉంటారని శుక్రవారం పెట్టుకున్నాం. హౌన్‌స్లో ఈస్ట్‌లో పికడిల్లీ లైను రైలెక్కితే ఎక్కడా మారకుండా వుడ్ గ్రీన్ దాకా వెళ్లిపోవచ్చు. అక్కణ్ణుంచి డబ్ల్యూ 3 బస్సు గుట్ట ఎక్కించి భవనం దగ్గరే దించుతుంది. వుడ్ గ్రీన్‌లో దిగేసరికి ఎవరు ఎక్కడికి పోతున్నారో అడగక్కర్లేదు. ఒంటి మీద చేత్తో అల్లిన స్వెటర్, పక్కన చక్రాల ఖాళీ సంచి. బస్సులో పక్క సీటావిడ సుజాతక్క స్వెటర్ మెడపట్టీ చూసి, ఆ కుట్టు ఎలా వేశావని అడిగేసింది. దిగేలోపు సుజాతక్క వేళ్లతో గాల్లోనే చూపించింది.

ఆ భవనం కథ కూడా గట్టిదే. 1873లో తెరిచిన పదహారు రోజులకే కాలిపోయింది. మళ్లీ కట్టి 1875లో తెరిచారు. 1936లో బీబీసీ తన టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టింది ఇక్కణ్ణుంచే. ముందు నిలబడితే లండన్ ఊరంతా కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది. మేం ఆ పూట అటు పెద్దగా చూడలేదు, లోపలికి వెళ్లాలన్న ఆత్రం.

లోపల హాళ్లనిండా సందులు సందులుగా దుకాణాలు. మొదటి చుట్టులో ఎవరూ ఏమీ కొనకూడదు, చూసి చీటీ వెనక దుకాణం నంబరు రాసుకోవాలి. ఇది కూడా మార్గరెట్ గారి షరతే. రెండో సందులోనే కల్పన కొబ్బరిచిప్ప గుండీలు కొనేసింది. మిగతా ముగ్గురం అప్పటికింకా షరతు తప్పలేదు.

ఊలు ఎలా చూడాలో ఆవిడ నడుస్తూనే చెప్పారు. అందరూ వేలికొసలతో పిండి చూసి "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అంటారు. వేలికొసలు పని చేసి చేసి మొద్దుబారి ఉంటాయి, వాటిని నమ్మొద్దన్నారు. దుకాణంవాళ్లను అడిగి, మణికట్టు లోపలివైపు, గడ్డం కింద ఆనించి కాసేపు ఉంచుకోవాలి. గుచ్చుకునే ఊలైతే అక్కడ తెలిసిపోతుంది. తర్వాత ఒక పోగు పట్టుకుని కొద్దిగా సాగదీసి వదలాలి. వెనక్కి వస్తే ప్రాణమున్న ఊలు. కొన వేళ్ల మధ్య వెనక్కి తిప్పితే మెలి ఎంత గట్టిదో తెలుస్తుంది. క్రోషేకి ఈ మెలి చాలా ముఖ్యం. ప్రతి కుట్టుకీ దారాన్ని సూది చుట్టూ తిప్పుతూ ఉంటాం కాబట్టి, మెలి వదులుగా ఉన్న దారం అల్లుతుండగానే పోగులు పోగులుగా విడిపోతుంది.

బ్రిటన్‌లో 60కి పైగా జాతుల గొర్రెలున్నాయి. ఒక్కో జాతి ఊలు ఒక్కో రకం. అవన్నీ విడివిడిగా బుట్టల్లో పెట్టి, ఏది ఏ గొర్రెదో రాసిపెట్టిన దుకాణం దగ్గర సుజాతక్క ఆగిపోయింది. బ్లూఫేస్డ్ లెస్టర్, పట్టులా మెరిసే పొడుగు పోగుల వెన్స్‌లీడేల్ దాటి ఆ చివర్న హెర్డ్‌విక్ అని ఒక బూడిదరంగు బుట్ట ఉంది. ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో మేసే గొర్రె అది. పిల్ల పుట్టినప్పుడు నల్లగా ఉండి, పెరిగేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతుందట. ఊలు మొరటు, మధ్యలో తెల్లటి బిరుసు వెంట్రుకలు. సుజాతక్క చెయ్యి పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది మా గొంగడే!" అంది.

వాళ్ల తాత కురుమ. దక్కనీ నల్ల గొర్రెల మంద ఉండేదట. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద గొంగడి నేసేవారు. వానలో మంద వెంట నడిచేటప్పుడు నెత్తి మీద ఆ గొంగడే. రాత్రి పడుకునేటప్పుడు కిందా మీదా అదే. ఇదంతా సుజాతక్క తెలుగులో నాకు చెప్పడం, నేను ఇంగ్లీషులో దుకాణం పెద్దాయనకు చెప్పడం. ఆయన పక్కవాళ్లకు సామాను ఇవ్వడం ఆపేసి విన్నాడు. "ఇప్పుడు ఆ ఊలుకి ధర వస్తుందా?" అని అడిగాడు. రాదని చెప్పింది సుజాతక్క. మాంసం కోసమని జనం ఊలు రాని ఎర్ర గొర్రెలకు మారిపోయారు, దక్కనీ బొచ్చు కొనేవాడు లేక చేలగట్ల మీదే పారబోస్తున్నారు. ఆయన తలూపాడు. హెర్డ్‌విక్ సంగతీ అంతేనట, బొచ్చు కత్తిరించే కూలి కూడా ఊలు అమ్మితే రాదట. మొరటు ఊలు పనికిరానిదని ఇక్కడా అక్కడా ఒకేలా తీసిపారేశారు. చలికీ వానకీ ఆగేది మాత్రం ఆ మొరటుదనమే. మెత్తటి మెరినో గొర్రె బొచ్చు ఒక్కటే ఊలని అనుకునేవాళ్లు ఆ బుట్టలో ఒక్కసారి చెయ్యి పెట్టి చూడాలి. సుజాతక్క మొదటి చుట్టు షరతు పక్కనపెట్టి, వాళ్లాయనకు తోటపనికి కోటు అల్లడానికని అక్కడికక్కడే హెర్డ్‌విక్ లడులు తీసుకుంది. మార్గరెట్ గారు ఒక్క మాట అనలేదు.

ఇక నా వెతుకులాట. మొదట మనసు పడింది మొహేరు (అంగోరా మేక బొచ్చు), పట్టు కలిపిన దారం మీద. మంచుపొర లాంటి నూగు, సరిగ్గా నేరేడు రంగు. అమ్మ పైనాపిల్ ముక్కను దాని పక్కన పెట్టి చూశాను. పైనాపిల్ అందమంతా కుట్లకూ ఖాళీలకూ మధ్య గీత స్పష్టంగా కనబడడంలో ఉంది. ఈ నూగు ఖాళీలన్నిటినీ కప్పేస్తుంది. పైగా ఒక వరస తప్పితే విప్పడం మహా కష్టం, నూగు ఒకదాన్నొకటి పట్టేసుకుంటుంది. తర్వాత ఆల్పకా, ఒంటె జాతి జంతువు ఊలు అది. వెచ్చన, మెత్తన, గడ్డం కింద పెట్టుకుంటే తీయాలనిపించలేదు. కానీ సాగదీసి వదిలితే వెనక్కి రావడం లేదు. అలాంటి దారంతో పెద్ద శాలువా అల్లితే తన బరువుకి తనే కిందికి సాగుతుందని మార్గరెట్ గారు వద్దన్నారు.

చేత్తో రంగులద్దిన మెరినో లడులైతే కళ్లు తిప్పుకోలేం. 100 గ్రాముల లడి 20 పౌండ్ల చిల్లర. ఒకే లడిలో ఊదా, నీలం, గులాబీ కలగలిసి ఉంటాయి. మామూలు అల్లికకు అవి ఎంతో బాగుంటాయి. పైనాపిల్ ఆకారం మాత్రం ఆ రంగుల్లో కలిసిపోతుంది. వాటిలో చాలావరకు సూపర్‌వాష్ ఊలు. మిషన్లో వేసినా కుంచించుకుపోకుండా పోగు మీది పొలుసును రసాయనంతో తగ్గించి పైన పూత వేస్తారు. మేజోళ్లకు, పిల్లల బట్టలకు అది గొప్ప సౌకర్యం. లేసుకు అంత పనికిరాదు, తడిపి పరిచినప్పుడు సాగింది సాగినచోట నిలబడాలంటే ఆ పొలుసే పట్టు.

అలా తిరిగి తిరిగి షెట్లాండ్ ఊలు అమ్మే దుకాణం ముందుకు వచ్చాం. స్కాట్లండ్‌కి ఉత్తరాన సముద్రంలో ఉన్న దీవులు అవి. అక్కడి ఆడవాళ్లు రెండు సూదులతో అల్లే లేసు శాలువాలు పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయేంత పలచన. వాటికి గొర్రె మెడ దగ్గరి ఊలు కత్తిరించకుండా చేత్తో లాగి తీసి వడికేవారు. దుకాణంలో ఉన్నావిడకు అరవై ఏళ్లుంటాయి. నాకేం కావాలో చెబుతూ కవరు విప్పి అమ్మ ముక్క చేతిలో పెట్టాను.

ఆవిడ ముందువైపు చూడలేదు. తిరగేసి వెనకవైపు చూసింది. అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అల్లిక ఎక్కడ మొదలైందో వేలితో వెతికింది. కొన దొరకలేదు. అమ్మ ఎప్పుడూ మొదటి కొనను రెండో వరస కింద కప్పేస్తూ అల్లుతుంది, సూదితో విడిగా దాచదు. ఆవిడ రెండుసార్లు తిప్పి చూసి, "ఈవిడ ఎన్నేళ్లుగా అల్లుతోంది?" అని అడిగింది. పదేళ్లప్పట్నుంచీ అన్నాను. పక్క స్టూలు చూపించి కూర్చోమంది. విడిగా ఉన్న బూడిదరంగు షెట్లాండ్ లేసు దారం కొంత తెంపి ఇచ్చి, డబ్బా నిండా ఉన్న క్రోషే సూదులు ముందు పెట్టింది.

సన్నటి సూదితో మొదలుపెడితే అల్లిక అట్టలా బిగుసుకుంది. విప్పేసి 3.5 మిల్లీమీటర్ల సూది తీసుకున్నాను. చైన్ల గుండ్రం, దానిలోంచి పొడుగు కుట్ల విసనకర్ర, దాని మీద ఒక్కో వరసకీ ఒక్కో కన్ను తగ్గుతూ పోయే పైనాపిల్. చేతులకు వచ్చిన పనే కానీ దారం కొత్త. నూలు సూది మీద జారుతుంది, ఈ ఊలు ఒక కుట్టును ఇంకోదాని పక్కన పట్టి ఉంచుతుంది. కుట్టు వదిలేసినా జారిపోకుండా అక్కడే ఉంది. పైనాపిల్ పూర్తయ్యేసరికి మా చుట్టూ నలుగురైదుగురు ఆగి చూస్తున్నారు. అల్లినది ముడుచుకుని చిన్న ముద్దలా ఉంది, నాకు అంత తృప్తిగా లేదు. ఆవిడ నీళ్ల సీసా తీసి దాని మీద చిలకరించి, పిడికిట్లో నొక్కి, రెండు చేతులతో నాలుగువైపులా లాగింది. అల్లికలోని కళ్లన్నీ విచ్చుకున్నాయి. పైనాపిల్ మొన కూడా నిటారుగా నిలబడింది. నరసాపురంలో లేసు ఉతికి ఇస్త్రీ చేస్తేగానీ ఆ నిటారు రాదు. ఊలును తడిపి, పిన్నులు గుచ్చి, ఆరనిస్తే చాలట.

గడ్డం కింద పెట్టుకుంటే కొంచెం గరుకు తెలిసింది. మొదటి ఉతుకుకి అది చాలావరకు పోతుందని ఆవిడ అంది. మార్గరెట్ గారు కూడా అవునన్నారు. శాలువా చీర మీద, జాకెట్టు మీద ఉంటుంది కదా, ఒంటికి నేరుగా తగలదు.

అయితే రంగు? హాల్లో దీపాల కింద ఊదారంగులన్నీ గోధుమరంగు కలిసినట్టు కనబడుతున్నాయి. రంగుల కార్డు కాసేపు పట్టుకెళ్తానంటే ఆవిడ సరేనంది. ముందువైపు పామ్ కోర్టు అని అద్దాల పైకప్పున్న చోటు ఉంది, పగటి వెలుతురు నేరుగా పడుతుంది. భోజనాలకు అక్కడే చేరాం. పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, కల్పన చేసిన కజ్జికాయలు. మార్గరెట్ గారు పులిహోరలో మిరపకాయలు ఏరి పక్కన పెట్టడం ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఈసారి ఒకటి తినేశారు. కార్డు వెలుతుర్లో పెట్టి అమ్మకు వీడియో కాల్ చేశాను. ఫోనులో రంగు మారుతుందని తెలుసు కాబట్టి రంగు నేను చెబుతూ పోయాను: ఇది పండిన నేరేడు, ఇది నోట్లో వేసుకున్నాక నాలుక మీది రంగు, ఇది వంకాయ. "నాలుక మీది రంగే" అంది అమ్మ.

తిరిగి వెళ్లేదారిలో రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వాళ్ల బల్ల దగ్గర కల్పన ఆపేసింది. 1872లో మొదలైన బడి అది, ఇప్పుడు హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో నడుస్తోంది. 2011లో కేట్ మిడిల్టన్ పెళ్లి గౌను మీద లేసు కుట్టింది వీళ్లే. ఆ పని చేసినన్నాళ్లూ అరగంటకోసారి చేతులు కడుక్కున్నారట, మూడు గంటలకోసారి సూదులు మార్చారట. అది వింటుంటే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. లేసు పట్టుకునే ముందు అమ్మ సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది. ఒళ్లో పాత తెల్లపంచె ముక్క పరుచుకునేది. వేసవిలో చెమట పడుతుందని గుడ్డ ముక్కతో అరచెయ్యి తుడుచుకుంటూ అల్లేది. మురికి మరక ఒక్కటి కనబడినా డబ్బు తగ్గించేవాళ్లు మరి. గౌను కుట్టినవాళ్ల జాగ్రత్త గురించి లోకమంతా రాసింది. మా అరుగుల మీది జాగ్రత్త కూడా అంతే జాగ్రత్త.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్వెటర్లు అల్లే మిషన్లున్నాయి. అసలైన క్రోషే అల్లే మిషను బజారులోకి ఇంతవరకూ రాలేదు. బట్టల దుకాణంలో చవగ్గా వేలాడే క్రోషే టాప్ అయినా సరే, ఎక్కడో ఒకామె వేళ్ల మీద నడిచి వచ్చిందే. కొనేముందు ఆ ధరలో ఆమెకు ఎంత వచ్చి ఉంటుందో ఒక్కసారి ఆలోచించమని నా స్నేహితులందరికీ చెబుతుంటాను. ఇక్కడ షోలో చేత్తో అల్లినవాటికి గంటల లెక్కన ధర అడుగుతారు, కొనేవాళ్లు బేరమాడరు. మా ఊళ్లో కూడా అది రావాలి.

సూదుల దుకాణంలో రంగురంగుల చెక్క సూదుల పెట్టెను మార్గరెట్ గారు ముచ్చటపడి తీసుకున్నారు. నిట్‌ప్రో వాళ్లవి. సుజాతక్క పెట్టె తిరగేసి "చూడండి, మా దగ్గర చేసినవే" అని చూపించింది. ఆవిడ ఏళ్ల తరబడి అవే వాడుతున్నారట, ఇండియావని ఇప్పుడే తెలిసిందన్నారు.

షెట్లాండ్ దుకాణానికి మళ్లీ వెళ్లేసరికి రద్దీ పెరిగింది. 25 గ్రాముల ఉండలు, ఒక్కోటి 170 మీటర్ల దగ్గర. ఆరు ఉంటే వెయ్యి దాటుతుంది, జాగ్రత్తకి ఏడోది. కానీ అరలో ఆ రంగువి ఐదే ఉన్నాయి. పక్క బుట్టలో మరికొన్ని కనబడితే తీసి చుట్టుపట్టీ మీది లాట్ నంబరు చూశాను, వేరే. రంగు పేరు ఒకటే అయినా అద్దకం వేరైతే అల్లాక శాలువా మధ్యలో గీత గీసినట్టు తెలిసిపోతుంది. కల్పన అవి రెండూ పామ్ కోర్టుకి పట్టుకెళ్లి చూసొచ్చి, తేడా ఉందని తేల్చేసింది. బట్టల రంగు చూడడంలో ఆమె కంటికి తిరుగులేదు. దుకాణం ఆవిడ బల్ల కింద దూరి, అట్టపెట్టెలు ఒక్కొక్కటే తీసి, అదే నంబరువి ఇంకో రెండు పట్టుకుని పైకి లేచింది. ఏడూ కాగితం సంచిలో వేసి, నేను అల్లిన బూడిదరంగు పైనాపిల్ తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగింది. ఇచ్చేశాను. బల్ల మీద రంగుల కార్డు పక్కన పిన్ను గుచ్చి పెట్టుకుంది.

అప్పటికి కాళ్లు పీకుతున్నాయి. కొత్తగా పట్టాలు పుచ్చుకున్న విద్యార్థుల పనుల ప్రదర్శన, బొంతల గోడలు త్వరత్వరగా చూసి బయటపడ్డాం. ఆ రెండింటికీ ఇంకో పూట కేటాయించి రావాల్సింది ఉంది.

తిరుగు రైల్లో సీట్లు దొరికాక సుజాతక్క హెర్డ్‌విక్ లడి ఒకటి విప్పింది. లడిని అలాగే అల్లడం మొదలుపెడితే చిక్కుపడి పోతుంది, ముందు ఉండ చుట్టుకోవాలి. కల్పన రెండు చేతులూ చాచి లడి తగిలించుకుంది, సుజాతక్క చుట్టింది. బిగించి చుట్టకు, ఊలు సాగి అలాగే ఉండిపోతుంది, వేళ్లు లోపల పెట్టి వదులుగా చుట్టు అని మార్గరెట్ గారు చెబుతూనే ఉన్నారు. ఎదురుగా కూర్చున్న కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసి, హామర్‌స్మిత్ దాకా చూస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడు నేరేడు ఊలుతో నమూనా పైనాపిల్ ఒకటి అల్లాను. కొలిస్తే పొడుగు 11 సెంటీమీటర్లు. గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, పిల్లలు ఆడుకునే ఫోమ్ చాప మీద తుప్పు పట్టని పిన్నులతో లాగి గుచ్చాను. ఆరాక పిన్నులు తీస్తే 14కి వచ్చి అక్కడే నిలబడింది. మెడకు ఆనించుకున్నాను. గరుకు దాదాపు పోయింది. ఆ కొలతతో శాలువా లెక్క మళ్లీ వేసుకుంటే నేను అనుకున్నదానికంటే ఒక వరస పైనాపిళ్లు తక్కువ సరిపోతాయి.

అమ్మకు చూపిస్తే ఫోను దగ్గరగా పెట్టించుకుని కుట్లు లెక్కపెట్టింది. "పైనాపిల్‌కీ పైనాపిల్‌కీ మధ్య ఒక చైను తగ్గించు. ఊలు లావుగా ఉంది, అదే నిండుతుంది. అంచుకి మాత్రం తగ్గించకు, ముడుచుకుపోద్ది" అంది. అలాగే తగ్గించి మెడ దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు మూడో వరస పైనాపిళ్లలో ఉన్నాను, డిసెంబరుకి అయిపోతుంది. మిగిలే ఏడో ఉండతో పుట్టబోయే పాపకు టోపీ అల్లుతానంటోంది అమ్మ. పసిపిల్లల నెత్తికి షెట్లాండ్ వద్దు, మెరినో కావాలని మార్గరెట్ గారిని అడిగి చెప్పాను. ఆవిడ షోలోనే మా చెల్లి కోసమని రెండు మెరినో ఉండలు కొని పక్కన పెట్టారట. వాటిని అమ్మ వచ్చాక తన చేతికే ఇస్తానన్నారు.